అరవై మిల్లీమీటర్ల నేరం

ప్రభుత్వం వారికి సూటిదనం మీద ప్రేమ పుట్టింది ఒక పంట కాలువలో. ఓ ముసలి ట్రైలర్ తాను మోయగలిగిన దానికి రెండింతలు గ్రానైటు బండలు ఎక్కించుకుని వస్తూ, వంతెన మీద నడుం విరిగి కాలువలో కూలబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. తగలకపోయినా విచారణ సంఘం వేయాలి గనక వేశారు. సంఘం వారు గట్టు మీద షామియానా కింద కూర్చుని, ట్రైలర్ని ఎగాదిగా చూసి, పదకొండు నెలలు ఆలోచించి, ప్రమాదానికి కారణం కనిపెట్టారు. ట్రైలర్ వంగి ఉంది. వంగింది కాబట్టే పడింది. రెండింతల బరువు సంగతి నివేదిక చివర అయిదో అనుబంధంలో ఉంది. అచ్చు నాలుగో అనుబంధం దగ్గర ఆగిపోయింది.

ఆ నివేదిక పుణ్యమా అని రాష్ట్ర ఋజుత్వ ప్రమాణాల మండలి వెలిసింది. ఋజుత్వం అంటే సూటిదనమే. కానీ సూటిదనం అని సూటిగా అంటే నూట పది మంది సిబ్బందిని మంజూరు చెయ్యరు. ఈ నూట పది మందీ కాపాడవలసిన నిబంధన ఒకే ఒక్కటి: "ఏ భారీ వాహన చట్రమునందును పైకి గాని, క్రిందికి గాని రెండు మిల్లీమీటర్లకు మించి వంపు ఉండరాదు." రెండేళ్ళలో మండలి వారు నాలుగు వేల వాహనాలను పరీక్షించారు. ఒక్కటీ నెగ్గలేదు. తమ పరీక్ష ఎంత కట్టుదిట్టమో చెప్పడానికి అంతకన్నా రుజువు ఏం కావాలని వార్షిక నివేదికలో రాసుకున్నారు.

ఈ సంగతులన్నీ పొట్నూరి తవిటయ్యకు తెలుసు. కానీ తన దాకా వస్తాయని అనుకోలేదు.

తవిటయ్య గాజువాక ఆటోనగర్లో వరహాలు గారి షెడ్డులో ట్రైలర్లకు చట్రాలు గీసి, దగ్గరుండి కట్టించే మనిషి. యాభై నాలుగేళ్ళవాడు. ఐటీఐ చదువు, ముప్ఫై ఏళ్ళ చెయ్యి. కంప్యూటరు మీద గీసిన బొమ్మను కూడా సుద్దముక్కతో షెడ్డు నేల మీద అసలు కొలతలో మళ్ళీ గీసి, దాని పక్కన ఆ చివర నుంచి ఈ చివరకు నడిస్తే గాని ఆయనకు నమ్మకం కుదరదు. ఆ ఏడాది ఆయన గీసింది లోడెక్ ట్రైలర్. మామూలు లారీ మీద పెడితే వంతెనల కింద పట్టని పెద్ద పెద్ద యంత్రాల కోసం, డెక్కు మోకాటి ఎత్తులో ఉండేలా కట్టే బండి. ముందు భాగం హంసమెడలా పైకి లేచి, లాగే బండి మీద కూర్చుంటుంది. చివర చక్రాలు. మధ్యలో పధ్నాలుగు మీటర్ల పొడవున రెండు పెద్ద గడ్డర్లు. బరువంతా వాటిదే.

ఆ గడ్డర్లను తవిటయ్య మధ్యలో అరవై మిల్లీమీటర్లు పైకి ఉబ్బేలా, విల్లులా కట్టించాడు. అరవై టన్నుల ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కగానే ఆ ఉబ్బు అణిగి, డెక్కు గీత గీసినట్టు సూటిగా నిలుస్తుంది. టన్నుకో మిల్లీమీటరు. ముందే సూటిగా కట్టేస్తే బరువు పడ్డాక కిందికి వేలాడి, దారిలో మొదటి మిట్టకే నేలను రాసుకుంటుంది. ఇది ట్రైలర్లు కట్టే ప్రతివాడికీ తెలిసిన విషయం. తెలియనివాళ్ళు మండలిలో చేరారు.

ట్రాన్స్‌ఫార్మర్ పోర్టులో దిగి ఉంది. చింతలరేవు సబ్‌స్టేషన్లో పాతది కాలిపోయి నెల దాటింది. సముద్రం ఒడ్డున ఇరవై ఊళ్ళకు రోజుకు మూడు గంటల కరెంటు. ఐసు ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. తవిటయ్య అక్క అసిరమ్మ ఆ రేవులోనే చేపలు అమ్ముతుంది. రోజు విడిచి రోజు ఫోను చేసేది.

"ఒరే తవిటీ, ఐసు నేదురా. పొద్దున్న దిగిన సేప మద్దేనానికి కుక్కలు కూడా ముట్టడం నేదు. నీ బండి ఎప్పుడొస్తాది?"

"కాయితం ఒక్కటే తరువాయి అక్కా. ఈ వారంలో వచ్చెస్తాది."

ఆ కాగితం కోసమే తాత్కాలిక నంబరు వేసుకుని ట్రైలర్ మండలి ఆవరణలోకి వెళ్ళింది. మండలి ఊరి శివార్లలో ఒక అద్దె గోదాములో ఉండేది. తనిఖీకి వచ్చినాయన పేరు పరబ్రహ్మం. ఋజుత్వ పరిశీలనాధికారి. ఒక చేతిలో దారపు ఉండ, ఇంకో చేతిలో రసమట్టం. దారం ఈ చివర నుంచి ఆ చివరకు లాగి కట్టి, వంగి చూసి, లేచి నిలబడి, గుమాస్తాతో అన్నాడు.

"రాసుకో. అనుమతించిన దానికన్నా యాభై ఎనిమిది మిల్లీమీటర్ల అదనపు వంపు."

"అది కావాలనే ఎట్టిందండి," అన్నాడు తవిటయ్య.

"కావాలనా? రాసుకో. 'నిర్మాత ఉద్దేశపూర్వకంగా చేసినట్లు స్వయంగా అంగీకరించడమైనది.'"

"అది కాదండీ. కావడి బద్ద సూసుంటారు కదా? కుండలు తగిలించకముందు ఒకలాగుంటాది, తగిలించాక..."

"కావడి బద్దలు మన పరిధిలోకి ఇంకా రాలేదు. ప్రతిపాదన పంపాం."

తవిటయ్య ఓపికగా తన జేబులోని ఉక్కు స్కేలు తీశాడు. రెండు ఇటుకల మీద పెట్టి, కొంచెం పైకి వంచి, మధ్యలో వేలితో నొక్కాడు. స్కేలు సూటిగా అయింది. వేలు తీశాడు. మళ్ళీ ఉబ్బింది. పరబ్రహ్మం రెండుసార్లు చేయించుకుని చూశాడు. మొహంలో ఏదో అర్థమైన వెలుగు కనపడితే తవిటయ్యకు ప్రాణం లేచి వచ్చింది.

"ఈ స్కేలు కూడా వంగి ఉంది," అని పరబ్రహ్మం దాన్ని తీసుకుని కవర్లో వేసి, సీలు వేశాడు. "దీంతో కొలిచి కట్టారన్నమాట! తప్పు ఎక్కడ మొదలయిందో ఇప్పుడు తెలిసింది."

తరువాత ఆయన చూపు హంసమెడ మీద పడింది. అరవై మిల్లీమీటర్లు కాదు, అది ఏకంగా నాలుగడుగులు పైకి లేచి ఉంది. మండలి ఇన్నాళ్ళకు ఇంత పెద్ద నేరాన్ని చూస్తోంది. మెడను డెక్కుతో సమంగా సూటిగా చెయ్యాలని అక్కడికక్కడే మెమో ఇచ్చాడు.

"మెడ సూటిగా సేస్తే డెక్కు కూడా లాగే బండి ఎత్తుకి ఎల్లిపోతాదండి. అప్పుడది లోడెక్ అవదు."

"లోడెక్ కాకపోవడం నిబంధనకు విరుద్ధం కాదు. వంగి ఉండటం విరుద్ధం."

మెడ వ్యవహారం తేల్చడానికి ఉపసంఘం కూర్చుంది. తొమ్మిది రోజులు వాదోపవాదాలు జరిగాయి. చివరికి ఒక రిటైర్డు న్యాయాధికారి, మెడలో ఉన్నవన్నీ సూటి పలకలేననీ, అవి ఒకదానికొకటి మూలగా అతికాయనీ, కాబట్టి అది 'వంపు' కాదు, 'మలుపు' అనీ తీర్మానించారు. మలుపుల మీద మండలికి అధికారం లేదు. తవిటయ్య దణ్ణం పెట్టాడు. కానీ డెక్కు మాత్రం ముమ్మాటికీ వంపేనని అదే తీర్మానంలో రెండో పేరా.

"అయ్యా, పోనీ దాని మీద అరవై టన్నుల బరువెట్టి సూడండి. సూటిగా నేకపోతే నన్ను అడగండి," అన్నాడు తవిటయ్య.

"ధ్రువపత్రం లేని వాహనం మీద సరుకు ఎక్కించరాదు," అన్నాడు పరబ్రహ్మం.

"సరుకెక్కిత్తే గాని సూటవదండి."

"సూటిగా ఉంటే గాని ధ్రువపత్రం రాదు."

అందులో పరబ్రహ్మానికి ఏ ఇబ్బందీ కనపడలేదు.

తవిటయ్య, వరహాలు గారు కలిసి డైరెక్టరు విశ్వపతి గారి దగ్గరకు వెళ్ళారు. ఆయన గదిలో ఒక గాజు పెట్టె, అందులో చెక్క ట్రైలర్ బొమ్మ. మండలి ధ్రువపత్రం పొందిన వాహనం రాష్ట్రం మొత్తం మీద అదొక్కటే. డైరెక్టరు గారు చింతలరేవు కష్టాలన్నీ కళ్ళు మూసుకుని విన్నారు.

"చూడండి, తవిటయ్య గారూ. ప్రజల ఇబ్బందుల పట్ల మండలి పూర్తి సానుభూతితో ఉంది. ఆ మేరకు ఒక సానుభూతి తీర్మానం కూడా ఆమోదించాం. మీరు చెయ్యవలసిందల్లా, ఆ రెండు గడ్డర్లనూ సూటిగా చేసి తీసుకురావడం."

"బరువెట్టాక కిందికి ఒంగిపోతాది కదండీ, సార్. అరవై టన్నులు. ముందు డ్రైవరుంటాడు."

"బరువు పెట్టిన తరువాత సంగతి రవాణా శాఖది. మాది బరువు పెట్టకముందు సంగతి. ఒక శాఖ పనిలో ఇంకో శాఖ వేలు పెట్టడం ఋజుత్వం అనిపించుకోదు."

బయటకు వచ్చాక వరహాలు గారు వేపచెట్టు కింద నిలబడి బీడీ వెలిగించారు. మంచివాడే. కానీ నెల్లాళ్ళుగా కరెంటు వాళ్ళ ఫోన్లకు జవాబు చెప్పి చెప్పి నలిగిపోయి ఉన్నాడు.

"తవిటయ్యా, కోసెయ్. కోసి సూటిగా అతికించెయ్. కాయితం వచ్చెస్తాది. తరవాత డ్రైవరు సోములుని మెల్లిగా తోలమందాం."

"మెల్లిగా తోలినా అరవై టన్నులు అరవై టన్నులేనండి."

"నువ్వు కాపోతే ఇంకోడు కోస్తాడు."

తవిటయ్యకు ఒక్కసారిగా ఒళ్ళు మండింది. ముప్ఫై ఏళ్ళలో వరహాలు గారి ముందు గొంతు పెంచడం అదే మొదలు. "కోయించండి బాబూ. కానీ ఆ డెక్కు మీద నా పేరు గల రేకు ఉంది, అది ముందు పీకించండి. నా సేత్తో కట్టినదాని నడుం నా సేత్తో ఇరగ్గొట్టను. సోములు పెళ్ళానికి రేపు నేను మొకం సూపించాల."

వరహాలు గారు బీడీ సగంలో పారేశారు. కోయమని మళ్ళీ అనలేదు. ఆ రోజు అసిరమ్మ ఫోను చేస్తే తవిటయ్య ఎత్తలేదు.

నిజానికి ఆయనను ఆదుకున్నది మండలికి వచ్చిన కష్టమే. గోదాము యజమాని దాన్ని కల్యాణ మండపం చేసుకుంటానని కోర్టుకెక్కి, నెలాఖరులోగా ఖాళీ చెయ్యాలని ఉత్తర్వు తెచ్చుకున్నాడు. మండలి సొంత భవనం సిద్ధంగా లేదు. ముఖద్వారానికి కాంట్రాక్టరు అందంగా కమాను కట్టాడు, కమాను వంపు గనక కూల్చమన్నారు, కూల్చేసరికి పైన గోడ కూడా వచ్చేసింది. అది మళ్ళీ కట్టడానికి ఇంకో పదిహేను రోజులు కావాలి. ఈలోగా సామాను వేరే చోటికి చేర్చాలన్నా లారీ ఏది? ప్రతి లారీకీ అడుగున కుదుపు ఆపే కమాను పట్టీలు ఉంటాయి, అవన్నీ వంగే ఉంటాయి, అన్నింటినీ మండలే రద్దు చేసింది. రద్దయిన లారీలో ఋజుత్వ మండలి ఫైళ్ళు ఎలా ఎక్కిస్తారు? చివరి వారంలో యజమాని మనుషులు వచ్చి బీరువాలను ఒక్కొక్కటిగా ఆవరణలో ఎండలో దింపడం మొదలుపెట్టారు.

తన ట్రైలర్ పక్కనే రోజూ వచ్చి కూర్చునే తవిటయ్య ఆ బీరువాలను లెక్కపెట్టాడు. ఫైళ్ళ కట్టలను లెక్కపెట్టాడు. ఒక కట్టను చేత్తో ఎత్తి చూశాడు. తరువాత సుద్దముక్క తీసి, నేల మీద కాసేపు ఏదో రాసుకుని, పరబ్రహ్మం దగ్గరకు వెళ్ళాడు.

"ఆకాశం మబ్బేస్తన్నాది సార్. కాయితాలు తడిసిపోతాయి. నా డెక్కు ఖాళీగానే పడుందండి. దాని మీద ఎట్టీసి టార్పాలిన్ కప్పండి."

"ధ్రువపత్రం లేని వాహనంలో రవాణా..."

"కదిలితే కదండీ రవాణా. ఇది కదలదు. తమరే కదలనివ్వనేదు."

పరబ్రహ్మం దీని మీద న్యాయ సలహా తీసుకున్నాడు. రెండు రోజుల్లో అభిప్రాయం వచ్చింది. నిలబడి ఉన్న వాహనం మీద ప్రభుత్వ దస్త్రాలు ఉంచడం రవాణా కాదు, 'తాత్కాలిక భద్రత'. అదీగాక ప్రభుత్వ దస్త్రాలు అమూల్యమైనవి. అమూల్యం అంటే మూల్యం లేనివి. మూల్యం లేనిది సరుకు కాజాలదు.

ఆఖరి వాక్యాన్ని తవిటయ్య ఒక నకలు అడిగి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

ఎక్కించే పని తవిటయ్య దగ్గరుండి చేయించాడు. కూలీలు ఎక్కడ పడితే అక్కడ పెట్టబోతే ఒప్పుకోలేదు. బీరువాలు సరిగ్గా మధ్యలో. వాటికి అటూ ఇటూ కట్టలు. సిబ్బంది ఆయన భక్తికి ముచ్చటపడ్డారు. రెండేళ్ళలో ఫైళ్ళు ముప్ఫై ఎనిమిది టన్నులు. బీరువాలు పధ్నాలుగు టన్నులు. సాయంత్రానికి తవిటయ్య దారం కట్టి చూసుకున్నాడు. అరవైలో యాభై రెండు అణిగాయి. ఇంకా ఎనిమిది మిల్లీమీటర్లు మిగిలి ఉంది. మండలిలో ఎక్కించడానికి ఇంకేమీ మిగల్లేదు. బల్లలు, కుర్చీలు యజమాని అద్దె బాకీ కింద పట్టుకుపోయాడు.

ఎనిమిది టన్నుల కోసం తవిటయ్య ఆవరణంతా చూశాడు. అప్పుడే సిబ్బంది టీకి బయటకు వస్తున్నారు. ఒకరి వెనక ఒకరు, నూట పది మంది.

మర్నాడు ఋజుత్వ దినోత్సవం. ఏటా సిబ్బంది అంతా నిలబడి 'మేము వంగము, వంగనివ్వము' అని ప్రతిజ్ఞ చేస్తారు, విలేకరులు ఫోటోలు తీస్తారు. ఈసారి హాలు లేదు, వేదిక లేదు. డైరెక్టరు గారు దిగులుగా ఉంటే తవిటయ్య చేతులు కట్టుకుని చెప్పాడు.

"వేదిక ఏల సార్? డెక్కుంది కదా. ఫైళ్ళ నడుమ నిలబడి పెతిజ్ఞ సేత్తే ఫోటో నిండుగా ఉంటాది."

నిండుగా ఉంటుందన్న మాట డైరెక్టరు గారికి నచ్చింది. ఉదయం పది గంటలకు అందరూ ఎక్కారు. డెక్కు మీద చోటు చాలక కొందరు ఫైళ్ళ కట్టల మీదికెక్కి నిలబడ్డారు. ఫైళ్ళను తొక్కిపెట్టడం వాళ్ళకు అలవాటే గనక ఎవరూ తూలలేదు. సూపరింటెండెంట్లు ముగ్గురూ భారీ మనుషులు. వాళ్ళను తవిటయ్య గౌరవంగా మధ్యకు పిలిచి నిలబెట్టాడు. విలేకరులు కెమెరాలు ఎత్తారు.

కింద మిగిలింది పరబ్రహ్మం ఒక్కడే. తవిటయ్య ఆయన దగ్గరకు వెళ్ళి, "సార్, ఒక్కసారి దారం కట్టండి," అన్నాడు.

"ఇప్పుడా?"

"పత్రికలోళ్ళున్నారు కదండీ. తమరు తనిఖీ సేస్తన్నట్టు ఒక ఫోటో ఉంటే బాగుంటాది."

పరబ్రహ్మం కాలరు సర్దుకుని దారం లాగాడు. వంగి చూశాడు. ఇంకోసారి చూశాడు. రసమట్టం పెట్టాడు. అందులో బుడగ సరిగ్గా మధ్యలోకి వచ్చి కదలకుండా నిలబడింది.

"ఎంతండీ?" అని పైనుంచి డైరెక్టరు గారు అడిగారు.

"సున్నా సార్," అన్నాడు పరబ్రహ్మం నీరసంగా. వెంటనే తేరుకున్నాడు. "కానీ సార్, తనిఖీ సమయంలో వాహనంపై సరుకు ఉండరాదని..."

తవిటయ్య జేబులోంచి నకలు తీసి విప్పాడు. మూల్యం లేనిది సరుకు కాజాలదు. "ఫైళ్ళు సరుకు కాదని తమరే రాసిచ్చారండి. ఇక పైనున్నది తమ సిబ్బంది. తమరు సరుకంటే సరుకు, కాదంటే కాదు."

నూట పది మందిలో, పరబ్రహ్మం పోను నూట తొమ్మిది మంది తాము సరుకు కామని ఏకగ్రీవంగా అన్నారు. విలేకరి ఒకడు, "రెండేళ్ళలో మొదటి ఉత్తీర్ణత అనుకోవచ్చా సార్?" అని మైకు పైకి అందించాడు. రెండేళ్ళలో ధ్రువపత్రం ఇచ్చింది గాజు పెట్టెలోని చెక్క బొమ్మకేనా అని ఈమధ్యే ప్రభుత్వం నుంచి ఒక ప్రశ్న వచ్చి ఉంది. డైరెక్టరు గారు డెక్కు మీదే సంతకం పెట్టారు.

తరువాత పని చకచకా నడిచింది. రాష్ట్రంలో ధ్రువపత్రం ఉన్న నిజమైన వాహనం అదొక్కటే కాబట్టి మండలి ఫైళ్ళు, బీరువాలు దాని మీదే కొత్త భవనానికి వెళ్ళాయి. గోడ లేకపోయినా ఒక వైపు కప్పు ఉంది. అక్కడ దింపి, సోములు ఖాళీ ట్రైలర్ని పోర్టుకు తోలాడు. రెండు గంటల దారి. ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కింది. తవిటయ్య నేల మీద పడుకుని డెక్కు కిందకు చూశాడు. గీత గీసినట్టు ఉంది. లేచి, బట్టలకు అంటిన మట్టి దులుపుకోకుండానే సోములు పక్కన కూర్చున్నాడు. మూడు రోజులు నడిచి నడిచి, మిట్టలూ పల్లాలూ దాటి, ఎక్కడా నేలను ముట్టకుండా చింతలరేవు చేరారు. వారంలో కరెంటు తిరిగి వచ్చింది.

"ఒరే తవిటీ," అంది అసిరమ్మ ఫోనులో, వెనక ఐసు దంచుతున్న చప్పుడు, "వంజరం దాసి ఉంచాను. నువ్వు రా. సోములుని కూడా తీసుకురా."

ఆయన వంజరం తిని వచ్చేసరికి షెడ్డులో నోటీసు కాచుకుని ఉంది. సంతకం పరబ్రహ్మానిది. "సదరు ధ్రువీకృత వాహనము, మండలి నూతన భవనము నుండి పోర్టుకు వెళ్ళు రెండు గంటల కాలములో, టోల్‌గేటు కెమెరా ఛాయాచిత్రముల ప్రకారము, తిరిగి అరవై మిల్లీమీటర్ల వంపు దాల్చినట్లు తేలినది. ఇట్టి ప్రవర్తనకు కారణములేమో ఏడు దినములలోగా వ్రాతపూర్వకముగా తెలుపవలెను."

వరహాలు గారు కంగారుగా వకీలును పిలుద్దామన్నారు. తవిటయ్య అక్కర్లేదని, అక్కడే గడ్డరు మీద కాగితం పెట్టుకుని తన గుండ్రటి దస్తూరీతో జవాబు రాశాడు.

"అయ్యా, ఆ రెండు గంటలూ తమరు గాని, తమ ఫైళ్ళు గాని దాని వీపు మీద లేరు. అందుచేత కాస్త నడుం ఎత్తుకుంది."